బనిహాల్ రోడ్డు మీద రెండో డ్రైవర్

లారీల వరస కదిలింది. ఒక్క లారీ కదల్లేదు.

బనిహాల్ దగ్గర కొండచరియ విరిగిపడి రోడ్డు మూసేశారు. పైన మంచు. మూడు రోజుల తర్వాత, ఉదయం ఏడింటికి దారి తెరిచారు. బండ్లు ఒకదాని వెనక ఒకటి పాకడం మొదలుపెట్టాయి. తమిళనాడు నంబరున్న ఒక లారీ ముందు మాత్రం ఖాళీ పెరుగుతూ పోయింది.

వెనక బండి డ్రైవర్ హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. తిట్టుకుంటూ దిగి వచ్చి ఎడమవైపు తలుపు పట్టుకుని గట్టిగా లాగాడు.

తలుపు తెరుచుకుంది.

స్టీరింగ్ ముందు ఒక మనిషి దుప్పటి కప్పుకుని తల వాల్చి ఉన్నాడు. ఒళ్లు కట్టెలా బిగుసుకుపోయింది. కాళ్ల దగ్గర బొగ్గుల కుంపటి. ఆరిపోయి ఉంది. డాష్‌బోర్డు మీద రెండు పళ్లాలు. ఒకటి ఖాళీ. రెండోదానిలో అన్నం, గుడ్డు పొరటు అలాగే గడ్డకట్టి ఉన్నాయి.

చనిపోయినవాడు రాసప్పన్. ఊరు నామక్కల్ పక్కన మోహనూరు.

ట్రిప్ షీటులో ఇద్దరు డ్రైవర్ల పేర్లున్నాయి. రాసప్పన్. దొరైసామి.

దొరైసామి ఎక్కడా లేడు.

* * *

"సింపుల్ కేసు మేడమ్." ఇన్సూరెన్స్ కంపెనీ మేనేజర్ గొంతు ఫోన్‌లో హుషారుగా ఉంది. "రెండోవాడు కుంపటి లోపల పెట్టి, తలుపు మూసి పారిపోయాడు. పోస్టుమార్టంలో బొగ్గు వాయువు అని వచ్చింది. మర్డర్. మోటార్ యాక్సిడెంట్ కాదు. ఒక పేజీ రిపోర్టు రాసి పంపండి, ఫైల్ మూసేద్దాం."

"ఇంకా బండి చూడలేదు సార్."

"బండికేమైంది చూడ్డానికి? ఒక్క గీత పడలేదు కదా!"

వళర్మతి ఫోన్ పెట్టేసింది.

ఆమెకు యాభై ఏళ్లు. ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున లారీ ప్రమాదాలు దర్యాప్తు చేస్తుంది. తండ్రి నామక్కల్‌లో లారీ బాడీలు కట్టే వడ్రంగి. ఆయన పోయాక ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. ఇంటికి రాగానే టీవీ పెడుతుంది. చూడదు. ఏదో ఒక గొంతు వినిపిస్తూ ఉండాలి, అంతే.

ఫైల్ తెరిచింది. పాలసీ సవ్యంగానే ఉంది. వ్యాపారం కోసం తిప్పే లారీకి చేసే మామూలు పాలసీ. బండి దెబ్బతింటే బండికి ఇస్తారు. బండి ఎవరినైనా గుద్దితే వాళ్లకిస్తారు. జీతానికి పనిచేసే డ్రైవర్ డ్యూటీలో ప్రమాదంతో పోతే అతని కుటుంబానికి ఇస్తారు.

ప్రమాదమైతే.

హత్య అంటే కంపెనీ చేతులు దులుపుకుంటుంది. కోర్టుకి వెళ్లమంటుంది. రాసప్పన్ భార్య తంగమణి కోళ్ల ఫారంలో గుడ్లు ఏరే మనిషి. ఆమె ఏ కోర్టు మెట్లెక్కుతుంది? ఎన్నేళ్లు ఎక్కుతుంది?

ఫైల్‌లో బనిహాల్ పోలీసులు తీసిన ఫొటోలున్నాయి. కేబిన్. శవం. పళ్లాలు. చివరి ఫొటోలో తెరిచిన ఎడమ తలుపు, దాని కింద తొక్కిన మంచు. మంచు మీద ఒక ఆకుపచ్చ తువ్వాలు.

వళర్మతి ఆ ఫొటో కాసేపు చూసి పక్కన పెట్టింది.

* * *

లారీ సెంగోడన్ యార్డులో వేపచెట్టు కింద నిలబెట్టి ఉంది. వారం క్రితమే వచ్చింది.

"రా అక్కా, రా! కాఫీ చెప్పనా?" సెంగోడన్ ఎదురొచ్చాడు. నాలుగు లారీల ఓనరు. ఒకప్పుడు తనూ డ్రైవరే. బొజ్జ వచ్చినా నడకలో ఇంకా లారీ దిగిన మనిషి ఊపు ఉంది.

"కాఫీ తర్వాత. బండి ఎవరు తెచ్చారు?"

"వేరే డ్రైవర్ని పంపా. చచ్చినవాడి బండి అని వాడు లోపల పడుకోలేదట అక్కా. దారంతా దాబాల్లో నులక మంచాలే. నా డీజిల్ కంటే వాడి చాయ్ ఖర్చు ఎక్కువైంది."

"అంటే లోపల ఏదీ కదపలేదు?"

"పోలీసులు పట్టుకెళ్లినవి తప్ప అన్నీ అలాగే ఉన్నాయి."

ఆమె పైకెక్కింది. డ్రైవర్ సీటు వెనక నిద్రపోయే బెర్తు. దాని మీద దుప్పటి పరిచి ఉంది. దుప్పటి కింద మనిషి పడుకున్నట్టు ఎత్తుగా ఉంది.

దుప్పటి తీసింది.

చుట్టిన టార్పాలిన్. పక్కన తాళ్ల కట్ట. ఒక పాత ట్యూబు.

"సెంగోడన్! దొరైసామి ఎక్కడ పడుకునేవాడు?"

"బెర్తు మీదే. ఇంకెక్కడ?"

"టార్పాలిన్ పక్కనా?"

కింద నుంచి జవాబు రావడానికి కొంచెం ఆలస్యమైంది. "లోడు విప్పాక పెట్టుంటారు అక్కా."

"లోడు శ్రీనగర్ చేరకముందే రాసప్పన్ పోయాడు కదయ్యా. అప్పటికి లోడు విప్పలేదు."

"కోళ్ల పంజరాల లోడు. ఒక టార్పాలిన్ కప్పి ఉంటుంది, ఒకటి స్పేర్. చలిదేశం కదా." ఈసారి జవాబు గబగబా వచ్చింది.

వళర్మతి కిందికి దిగింది.

"రాసప్పన్ ఎలాంటివాడు?"

"బంగారం. స్టీరింగ్ పట్టుకుంటే ఫోన్ ముట్టేవాడు కాదు. నేను చేసినా ఎత్తడు."

"తాగుతాడా?"

"టీ కూడా అరకప్పే."

"దొరైసామి?"

"వాడి సంగతి వదిలేయక్కా. మొండివాడు. పోలీసులు వాడి చెల్లెలింటికి వెళ్లారు. ఆమెకీ తెలీదట ఎక్కడున్నాడో."

"ఇద్దరికీ గొడవలున్నాయా?"

"ఏమో! ఇద్దరు మగాళ్లు నెలల తరబడి ఒక డబ్బాలో ఉంటే గొడవలు రావా?" సెంగోడన్ కండువాతో మొహం తుడుచుకున్నాడు. "అక్కా, తంగమణికి డబ్బు వస్తుందా రాదా? అది చెప్పు. నేను ఏమన్నా చేయాలంటే చేస్తా. ఆ అమ్మాయి మొహం చూడలేకపోతున్నా."

చెమట పడుతోంది అతనికి. జనవరి నెల. చెట్టు నీడ.

* * *

తంగమణి ఇల్లు కావేరి గట్టుకు దగ్గర్లో ఉంది. రెండు గదులు. ముప్పై దాటని మనిషి. ఏడ్చి ఏడ్చి కళ్లు ఎండిపోయాయి. చేతులకు కోళ్ల దాణా వాసన.

"కూర్చోండక్కా. ఏమన్నా తింటారా? కలక్కి వేస్తా, గుడ్లకేం కొదవ లేదు ఇక్కడ." కలక్కి అంటే సగం ఉడికిన గుడ్డు. ఆ చుట్టుపక్కల ఎవరింటికెళ్లినా అదే మర్యాద.

"వద్దమ్మా. దొరైసామి గురించి చెప్పు."

తంగమణి మొహం గట్టిపడింది.

"వాడి గురించి నన్నడిగితే? వాణ్ని నేను చూస్తే కదా! చూసుంటే ఈపాటికి..." మాట మింగేసింది.

"ఒక్కసారి కూడా చూడలేదా?"

"లేదు."

"ఫోన్‌లో మాట్లాడావా?"

"ఎక్కడ? ఎప్పుడు చేసినా నిద్రే. 'వాడు పడుకున్నాడే, లేపొద్దు' అనేవాడు మా ఆయన. వీడియోలో చూపించేవాడు. వెనక దుప్పటి ముసుగుపెట్టి పడుకుని ఉండేవాడు, మొద్దు ముండాకొడుకు. నేను నవ్వేదాన్ని. కుంభకర్ణుణ్ని పెట్టుకుని తిరుగుతున్నావు కదా మామా అని."

"మీ ఆయన ఒంటరిగా వెళ్తే నీకు భయమా?"

"మా వీధిలో ఒకతను ఒంటరిగా బండి తోలుతూ గుజరాత్‌లో గుండె ఆగి చచ్చిపోయాడక్కా. ఎవరికీ తెలీలేదు. అప్పుడే ఒట్టు వేయించుకున్నా. పక్కన మనిషి లేకుండా బండెక్కితే నేను నీళ్లు కూడా తాగనని." ఆమె చీర చెంగు వేలికి చుట్టుకుంది. "అందుకే అన్నం తినేటప్పుడు రెండు పళ్లాలూ చూపించేవాడు. 'చూడవే, నీ మొద్దుకి కూడా వడ్డించా' అని. అలాంటి మనిషిని చంపాడు వాడు."

"మీ ఆయన మెసేజ్‌లున్నాయా?"

ఫోన్ ఇచ్చింది. వాయిస్ మెసేజ్‌లు. చాలా ఉన్నాయి.

వళర్మతి వరసగా విన్నది. రాసప్పన్ గొంతు సన్నం. తొందర లేని మనిషి. ఏదో పెద్ద విషయం ఉన్నట్టు మొదలుపెట్టి, దాబాలో పప్పులో ఉప్పెక్కువైందని చెప్పేవాడు. కీచురాళ్లు. కుక్కలు. ఎవరో హిందీలో టీ అడుగుతున్నారు. ఒకచోట వాన.

చివరిది వినమని తంగమణే చెప్పింది. తను బయటకు వెళ్లి నిలబడింది.

"తంగం, రేపు దారి తెరుస్తారట. శ్రీనగర్‌లో దించేసి నీకో శాలువా కొంటా. ఏ రంగు కావాలో చెప్పు. ఇక్కడ చలి... నోట్లో మాట కూడా గడ్డకట్టేలా ఉంది. పక్క బండివాళ్ల దగ్గర బొగ్గులు కొన్నా. కాస్త వెచ్చగా ఉంది ఇప్పుడు."

కింద తంగమణి జవాబు. నీలం రంగు.

ఆ జవాబు అతను చూడలేదు.

* * *

మధ్యాహ్నం వళర్మతి బస్టాండ్ వెనక మెస్సులో భోంచేసింది. ఎప్పుడూ కూర్చునే బల్ల. గోడకేసి.

ఫోన్ మోగింది. కోయంబత్తూరు నుంచి చెల్లెలు.

"అక్కా, తిన్నావా?"

"తింటున్నా."

"ఒక్కదానివేనా?"

"లేదే. ఆఫీసు వాళ్లున్నారు. నలుగురం వచ్చాం."

"అబద్ధం."

"ఏంటి?"

"నలుగురుంటే ఒక్క మాటా వినపడదేంటి? ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. నన్ను మోసం చేయలేవక్కా. ఆదివారం వచ్చి పది రోజులుండు."

వళర్మతి చేయి అన్నంలోనే ఆగిపోయింది.

"సరే. తర్వాత చేస్తా," అంది.

చేయి కడుక్కుని, సగం తిన్న విస్తరి అక్కడే వదిలేసి బయటపడింది. స్కూటర్ మోహనూరు వైపు తిప్పింది. తంగమణి ఫోన్ మళ్లీ అడిగి తీసుకుంది. మొదటి మెసేజ్ నుంచి మళ్లీ విన్నది. ఈసారి మాటలు వినలేదు. మాటల వెనక ఏముందో విన్నది.

సాయంత్రం దాకా విన్నది.

తర్వాత ఎస్సై మాణిక్యానికి ఫోన్ చేసింది. "రేపు పదింటికి మీ గదిలో కూర్చుందాం సార్. సెంగోడన్‌నీ, తంగమణినీ పిలిపించండి."

"దొరైసామి దొరికాడా?"

"దొరుకుతాడు సార్. కానీ మీకు అవసరం ఉండదు."

* * *

ఎస్సై గదిలో ముగ్గురూ కూర్చున్నారు. తంగమణి సెంగోడన్‌కి దూరంగా బెంచీ చివర. స్టేట్‌మెంట్లు టైపు చేసే రైటర్ మూలన కంప్యూటర్ ముందు.

ఎస్సై మాణిక్యం గడియారం చూసుకున్నాడు. "మేడమ్, బనిహాల్ వాళ్లు రోజూ ఫోన్ చేసి చంపుతున్నారు. వారంటు రెడీ. మీరు చెప్పేదేదో తొందరగా చెప్పండి."

"ముందు ఒక ప్రశ్న. సెంగోడన్, నువ్వెన్నేళ్లు బండి తోలావు?"

"పదిహేను."

"పక్కన రెండో డ్రైవర్ ఉండేవాడా?"

"ఉండేవాడు. లేకపోతే చెక్‌పోస్టులో బండి ఆపేసేవాళ్లు."

"బండి ఆగేదా ఎక్కడైనా?"

"ఎందుకాగుతుందక్కా? వాడు దిగితే నేను, నేను దిగితే వాడు. ఇంజన్ వేడి తగ్గేది కాదు."

"మరి ఇంటికి ఫోన్ ఎప్పుడు చేసేవాడివి?"

"నా షిఫ్టు అయిపోయి వాడు తోలేటప్పుడు. బెర్తు మీద పడుకుని. ఇంజన్ హోరులో మా ఆవిడకి ఏమీ వినపడేది కాదు. అరుచుకునేవాళ్లం..."

సెంగోడన్ నోరు తెరిచినట్టే ఉండిపోయాడు.



"అదే," అంది వళర్మతి. "తోడున్న డ్రైవర్‌కి ఖాళీ దొరికేది బండి నడుస్తున్నప్పుడు. తోడు లేనివాడికి ఖాళీ దొరికేది బండి ఆగినప్పుడు. రాసప్పన్ మెసేజ్‌లన్నీ విన్నాను. నామక్కల్ నుంచి బనిహాల్ దాకా. కుక్కలున్నాయి, వాన ఉంది, దాబా ఉంది. ఒక్కదానిలో కూడా ఇంజన్ చప్పుడు లేదు. ఒక్కసారి కూడా అతని బండిని ఇంకొకడు నడపలేదు."

తంగమణి తలెత్తింది.

"అంటే ఏంటక్కా?"

"దొరైసామి ఆ బండిలో లేడమ్మా. బనిహాల్‌లోనే కాదు. ఏ ట్రిప్పులోనూ లేడు."

"నేను చూశా! పడుకుని ఉన్నాడు!"

"దుప్పటి చూశావు. కింద టార్పాలిన్ ఉంది."

తంగమణి బెంచీ అంచు పట్టుకుంది.

ఎస్సై ముందుకు వంగాడు. "ఇది ఊహ మేడమ్. చప్పుడు లేదని మనిషి లేడంటే జడ్జి నవ్వుతాడు. ఎడమ తలుపు గడియ వేసి లేదు. వెనక డ్రైవర్ లాగగానే వచ్చింది. హంతకుడు అటునుంచే దిగాడని బనిహాల్ వాళ్లంటున్నారు."

"ఆ తలుపు గడియ పాడై చాలా కాలమైంది. యార్డుకెళ్లి లాగి చూసుకోండి." ఆమె ఫొటో బల్ల మీద పెట్టింది. "ఇది చూడండి. తలుపు కింద, మంచు మీద."

"తువ్వాలు."

"కుడి తలుపు సందులో ఇలాంటిదే ఇంకొకటి కుక్కి ఉందని పంచనామాలో ఉంది. గాలి రాకుండా లోపలి నుంచి కుక్కాడు. ఎడమ తలుపుకీ కుక్కాడు. వెనక డ్రైవర్ లాగగానే అది జారి కింద పడింది. ఎవరైనా ముందే ఆ తలుపు తీసుకుని దిగి ఉంటే తువ్వాలు అప్పుడే పడేది. రాత్రంతా కురిసిన మంచు కింద ఉండేది. తలుపు బయటినుంచి మూసి, లోపలి సందులో తువ్వాలు కుక్కడం ఎవరివల్లా కాదు. కానీ ఈ తువ్వాలు మంచు పైన ఉంది. పొడిగా ఉంది."

ఎస్సై ఫొటో దగ్గరికి పెట్టుకుని చూశాడు. నెమ్మదిగా కుర్చీలో వెనక్కి వాలాడు.

"మరి దొరైసామి?"

"బోరు బండి మీద ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నాడు సార్. లారీ మానేసిన డ్రైవర్లు ఎక్కువగా పోయేది బోరు పనికే. తిరుచెంగోడు రిగ్గు ఓనర్లను నిన్న రాత్రి వరసగా అడిగాను. ఏడాదిగా అడవిలో బోర్లు వేస్తున్నాడట. తన మీద మర్డర్ కేసు ఉందంటే, 'నా పెళ్లికి కూడా ఇంతమంది వెతకలేదు' అన్నాడట." ఆమె సెంగోడన్ వైపు తిరిగింది. "నీ దగ్గర రెండేళ్ల క్రితం మానేశాడు. వాడి లైసెన్స్ కాపీ నీ ఆఫీసులో ఉండిపోయింది. ప్రతి ట్రిప్పుకీ వాడి పేరే రాశావు. అవునా?"

సెంగోడన్ తల దించుకున్నాడు.

"అవునక్కా."

"ఎందుకు?"

"రెండో డ్రైవర్లు ఎక్కడ దొరుకుతున్నారక్కా? ఈ కుర్రాళ్లెవరూ స్టీరింగ్ ముట్టరు. రాసప్పనే అన్నాడు, నేనొక్కణ్నే తోలుకుంటానన్నా అని. ట్రిప్ షీటులో ఇద్దరు లేకపోతే ఇబ్బందని రాసేవాణ్ని."

"అతను చనిపోయాక అయినా చెప్పొచ్చు కదా!"

"చెబితే క్లెయిమ్ పోతుందనుకున్నా!" సెంగోడన్ చేతులు జోడించాడు. "నేషనల్ పర్మిట్ బండి. ఒక్క డ్రైవర్‌నే పంపానని తెలిస్తే కంపెనీ పైసా ఇవ్వదనుకున్నా. తంగమణికి అన్యాయమైపోతుందని నోరు మూసుకున్నా. దేవుడి మీద ఒట్టు."

వళర్మతి కోపం తెచ్చుకోవాలనుకుంది. రాలేదు.

"ఆ ఇద్దరు డ్రైవర్ల రూలు తీసేసి ఏళ్లయింది సెంగోడన్. పాలసీలో అసలు అది లేదు. బండి తోలేవాడికి సరైన లైసెన్స్ ఉందా, పర్మిట్ ఉందా, ఫిట్‌నెస్ ఉందా, అంతే అడుగుతారు. పక్క సీటులో ఎవరున్నారని ఎవరూ అడగరు. నువ్వు నిజం చెప్పుంటే మొదటి రోజే ఇది ప్రమాదం. డ్యూటీలో ఉన్న డ్రైవర్, రోడ్డు మీద ఇరుక్కున్న బండి, చలి, కుంపటి. నువ్వు కాపాడాలని చెప్పిన అబద్ధమే దీన్ని హత్యగా మార్చింది."

"ఆత్మహత్య అంటారేమో కంపెనీ వాళ్లు," ఎస్సై అన్నాడు.

"చావాలనుకున్నవాడు పెళ్లానికి శాలువా రంగు అడగడు సార్. మేనేజర్‌కి ఆ మెసేజ్ వినిపిస్తాను. రిపోర్టు ఇవాళే పంపుతున్నాను." ఆమె గొంతు తగ్గించింది. "ఒక్కటే మిగిలింది. తంగమణి స్టేట్‌మెంటు."

తంగమణి గోడకేసి చూస్తోంది.

"నేనేం చెప్పాలక్కా?"

"ఆయన ఒక్కడే ఉన్నాడని. ఇదివరకు ఇద్దరున్నారని చెప్పావు. అది మార్చాలి. నీ నోటితో."

"నా వల్ల కాదు."

"డబ్బు నీకు రావాలంటే..."

"డబ్బు సంగతి తెలుసక్కా!" ఆమె ఒక్కసారిగా అరిచింది. వెంటనే గొంతు పడిపోయింది. "దొరైసామిని రోజూ తిట్టుకుంటున్నా. లేచింది మొదలు. కానీ ఆ తిట్లలో ఒకటుంది. ఆ మంచులో, అంత దూరంలో, మా ఆయన పక్కన ఒక మనిషి ఉన్నాడని. చెడ్డవాడే. చంపినవాడే. అయినా ఒకడున్నాడని. ఇప్పుడు వాణ్నీ తీసేస్తున్నారు మీరు."

సెంగోడన్ మొహం కండువాలో దాచుకున్నాడు.

వళర్మతి లేచి వెళ్లి ఆమె పక్కన బెంచీ మీద కూర్చుంది. ఏం మాట్లాడాలో ఆమెకు తెలీలేదు. తనకు తెలిసిన ఓదార్పు మాటలన్నీ రిపోర్టుల్లో రాసేవే. ఊరికే కూర్చుంది. తంగమణి తల ఆమె భుజం మీదికి వాలింది. ఆ బరువు వళర్మతికి అలవాటు లేదు. కదలకుండా ఉంది.

బయట ఒక లారీ గేరు మార్చుకుంటూ పోయింది.

"రాయండి," అంది తంగమణి.

రైటర్ ఎస్సై వైపు చూశాడు. ఎస్సై తలూపాడు.

"మా ఆయన రాసప్పన్ ఒక్కడే ఉన్నాడు." ఒక్కో మాటా తడుముకుంటూ చెప్పింది. "బండిలో ఇంకెవరూ లేరు. ముందు నుంచీ లేరు. నామక్కల్ నుంచి బనిహాల్ దాకా ఒక్కడే ఉన్నాడు."

రైటర్ కీబోర్డు టకటకలాడి ఆగింది.

"నాతో మాట్లాడినంతసేపు తప్ప," అంది.

రైటర్ వేళ్లు గాలిలో ఆగాయి. "సార్, ఇదీ రాయాలా?"

ఎస్సై నోరు తెరిచేలోపు వళర్మతి అంది.

"రాయండి."